పాత పూల్ టేబుల్: బంతి పక్కకు లాగుతోంది, కుషన్ చచ్చింది. క్లాత్ మారిస్తే సరిపోతుందా?

పొడిచాక్ (కాకినాడ)

అందరికీ నమస్కారం. తొమ్మిదడుగుల టేబుల్, మూడు ముక్కల స్లేట్ (క్లాత్ కింద ఉండే పలక రాయి), ముక్క మందం అంగుళం. క్లబ్బు గదిలో ఉంది, ఏసీ సాయంత్రాలు మాత్రమే. మెల్లగా కొట్టిన బంతి ఆగబోయే ముందు చివరి రెండడుగుల్లో పక్కకు లాగుతోంది. బ్రేక్ (ఆటలో మొదటి షాట్) కొట్టే వైపు స్లేట్ అతుకు మీద బంతి సన్నగా తుళ్లుతోంది. ఒక పొడుగు రైల్లో (టేబుల్ అంచున రబ్బరు కుషన్ అంటించిన చెక్క పట్టీ) మూల పాకెట్ పక్కన జానెడు మేర బంతి తగిలితే 'దబ్' మని చప్పుడొచ్చి అక్కడే చచ్చిపోతోంది. క్లాత్ నిండా తెల్ల చుక్కలు. క్లాత్ మారిస్తే అన్నీ సర్దుకుంటాయని ఫిట్టర్ అంటున్నాడు. నిజమేనా?

రసమట్టం (హైదరాబాద్)

పొడిచాక్ గారూ, క్లాత్ డబ్బులు అప్పుడే ఇవ్వకండి. కప్పు కారుతుంటే గోడలకు సున్నం వేసినట్టుంటుంది. మీరు చెప్పినవాటిలో కొత్త క్లాత్‌తో పోయేవి తెల్ల చుక్కలొక్కటే. అవి బ్రేక్, జంప్ షాట్లప్పుడు బంతి క్లాత్‌ను నొక్కి రాపిడి వేడికి పోగు కాలిన మచ్చలు. చూడ్డానికి బాగోవు గానీ ఆటకు పెద్ద ఇబ్బంది కాదు.

టేబుల్ పని నేల నుంచి పైకి జరగాలి. నేల, కాళ్లు, ఫ్రేమ్, స్లేట్, అతుకులు, రైళ్లు, చివర క్లాత్. ఈ వరస తప్పితే బిగించిన క్లాత్ మళ్లీ విప్పాల్సి వస్తుంది. ఒకసారి మేకులు పీకిన క్లాత్ రెండోసారి అదే బిగువుకు రాదు.

విప్పకముందే ఒక పరీక్ష చేయండి. రెండు క్యూలు (బంతి కొట్టే కర్రలు) పక్కపక్కన పెట్టి వెనక కొసలు చాక్ ముక్క (క్యూ మొనకు రుద్దే సుద్ద) మీద ఎత్తండి, వాటి మధ్య గాడిలోంచి బంతిని జార్చండి. చేత్తో తోస్తే తెలియకుండానే స్పిన్ పడుతుంది, గాడిలో పడదు. ఒక కొస నుంచి, తర్వాత ఎదుటి కొస నుంచి అదే గీత మీద జార్చండి. రెండుసార్లూ ఒకే గోడవైపు లాగితే మట్టం తప్పు. బంతి మార్చగానే లాగడం పోతే ఆ బంతి బరువు ఒకవైపు ఉంది, టేబుల్‌ను అనొద్దు. కనీసం నాలుగు బంతులతో చూడండి.

మేస్త్రీ రసమట్టం పెట్టి 'బుడగ మధ్యలోనే ఉంది కదా' అనుకోకండి. (నా పేరు అదే అయినా చెప్పక తప్పదు.) మామూలు రసమట్టం మీటరుకు అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు వాలును చూపించనే చూపించదు. 2.54 మీటర్ల ఆట పొడవు మీద అది ఒకటింబావు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల దాకా అవుతుంది. పూల్ ప్రమాణం ప్రకారం స్లేట్ చదును పొడవున 0.5 ఎంఎం, అడ్డంగా 0.25 ఎంఎం లోపల ఉండాలి. లేత్ మిషన్లు కూర్చోబెట్టేవాళ్ల దగ్గర ఉండే, మీటరుకు 0.02 ఎంఎం వాలును కూడా చూపించే ఇంజినీర్స్ లెవెల్ ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోండి.

నోస్‌లైన్ (డాలస్)

కుషన్ సంగతి నేను అందుకుంటా. 'దబ్' చప్పుడు వినగానే రబ్బరు కొనేయొద్దు. ముందు బోల్టులు. తొమ్మిదడుగుల టేబుల్‌కు సాధారణంగా ఆరు రైళ్లు, ఒక్కోదానికి మూడేసి, మొత్తం 18 బోల్టులు. కింద పడుకుని అన్నీ ఒకే బిగువులో ఉన్నాయో లేదో చూడండి. ఒక బోల్టు వదులైతే ఆ చుట్టూ రైలే కదిలి బంతి ఊపును మింగేస్తుంది. చెయ్యి రైలు మీద ఆనించి ఇంకొకరిని ఆ చోటికి బంతి కొట్టమనండి. అరచేతికి అదురు తెలిస్తే బోల్టు, తెలియకపోతే రబ్బరు.

రబ్బరు పరీక్ష: ముక్కును (బంతి తగిలే రబ్బరు అంచు) బొటనవేలి గోటితో నొక్కండి. బతికున్న రబ్బరు దిగి వెంటనే తేలుతుంది. చచ్చినది ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటుంది, లేదా గోటి గుర్తు అలాగే నిలిచిపోతుంది. మొత్తం మీద చురుకు చూడాలంటే హెడ్ స్పాట్ (బ్రేక్ కొట్టే వైపు గుర్తు) నుంచి ఫుట్ స్పాట్ (బంతులు పేర్చే వైపు గుర్తు) మీదుగా క్యూ మట్టంగా, బంతి నడిమధ్యన గట్టిగా కొట్టండి. బంతి గాల్లోకి లేవకుండా నాలుగు నుంచి నాలుగున్నర టేబుల్ పొడవులు తిరగాలి.

ముక్కు ఎత్తు కూడా కొలవండి. బంతి వ్యాసంలో 63.5 శాతం, ఒక శాతం అటూఇటూ. 57.15 ఎంఎం బంతికి అది దాదాపు 36.3 ఎంఎం, అంటే 35.7 నుంచి 36.9 మధ్య. ప్రతి రైల్లో మూడు చోట్ల చూడండి.

పొడిచాక్

చేశాను. రెండువైపుల నుంచీ కిటికీ గోడవైపే లాగుతోంది, ఐదు బంతులూ అంతే. బోల్టుల్లో నాలుగు వదులు. బిగించాక చప్పుడు సగం తగ్గింది కానీ ఆ జానెడు ఇంకా చచ్చే ఉంది. అక్కడ ముక్కు ఎత్తు 34.5, మిగతా చోట్ల 36 పైన. గట్టి షాట్ మూడు పొడవులకు మించి పోవట్లేదు.

నోస్‌లైన్

34.5 అంటే రబ్బరు వెనక జిగురు ఊడి ముక్కు కిందికి వాలింది. ముక్కు తగ్గితే బంతి పైకి తుళ్లుతుంది. ఎక్కువైతే బంతిని క్లాత్‌లోకి అదిమి ఊపు చంపుతుంది, రైలు పొడుగునా క్లాత్ మీద గీత కూడా పడుతుంది. మూడు పొడవులే వస్తున్నాయంటే మిగతా రబ్బరుకూ ఆయువు తీరినట్టే. ఆరూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఐదు పాతవి ఉంటే ఏ బ్యాంక్ షాట్ (కుషన్‌కు తగిలించి కొట్టేది) లెక్కా నిలవదు.

రసమట్టం

స్లేట్ పని. రైళ్లు విప్పేటప్పుడు ఒక్కోదాని అడుగున అంకె రాసుకోండి, బోల్టులు ఏ రైలువి ఆ డబ్బాలో వేయండి. స్లేట్ మూడు ముక్కలూ కలిపి దాదాపు 275 కిలోలు, ముక్క 90 చిల్లర. నలుగురు ఎత్తాలి. అడ్డంగా కాదు, నిలువుగా పట్టుకుని నడవాలి. అడ్డంగా మోస్తే నడుములో విరుగుతుంది, మూల నేలకు తగిలితే పెంకు లేస్తుంది. గోడకు ఆనించేటప్పుడు కింద రెండు చెక్కబద్దలు, పైన దుప్పటి.

ఫ్రేమ్‌ను ముందు ఒంటరిగా మట్టం చేయండి. కాళ్ల కింద సర్దుబాటు మరలుంటే వాటితో, లేకపోతే 6 ఎంఎం ఇనుప రేకు ముక్కలతో. టైల్స్ కింద బోలుగా ఉంటే, తట్టినప్పుడు డొల్ల చప్పుడు వస్తే, కాలు ఆనే చోట పెద్ద రేకు వేయాలి. మొత్తం బరువు 450 కిలోల దాకా ఉంటుంది, ఒక్కో కాలి మీద వందకు పైనే.

తర్వాత నడిమి స్లేట్ మొదట. దాన్ని అన్ని దిక్కులా మట్టం చేసి మరలు తగిలించండి. ఆ పైన రెండు చివరి ముక్కలను దానికి కలపాలి. నడిమి ముక్కను మళ్లీ ముట్టుకోకూడదు. మట్టం స్లేట్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య, మర దగ్గరే సన్న చీలికలు (సందు పూడ్చే పలుచటి ముక్కలు) దూర్చి చేయాలి. పేక ముక్క ఒక్కోటి సుమారు 0.3 ఎంఎం. అంతకంటే సన్నం కావాలంటే ఇత్తడి షిమ్ రేకు. మర దగ్గర కాకుండా నడుమ దూరిస్తే మర బిగించగానే స్లేట్ అక్కడ విల్లులా వంగుతుంది.

అతుకు దగ్గర లెవెల్‌ను సగం ఇటు, సగం అటు పెట్టండి. పాత బ్లేడును అతుకు మీదుగా రెండు దిక్కులా జార్చండి, తట్టుకున్న దిక్కున మెట్టు ఉంది. ఆ మెట్టు 0.127 ఎంఎం దాటకూడదు. మరలు బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే బిగింపు స్లేట్‌ను కిందికి లాగుతుంది. చేతి స్క్రూడ్రైవర్‌తో ఆగేదాకా తిప్పితే చాలు. బ్యాటరీ డ్రిల్‌తో కొడితే మర తల చుట్టూ స్లేట్ పగులుతుంది.

పాత జిగురు, మైనం వెడల్పాటి గీకుడు బిళ్లతో గీకండి. గ్రైండర్ జోలికి వెళ్లొద్దు. స్లేట్ మీద గుంట పడితే బాగుచేయడం మీ చేతిలో ఉండదు.

టేకుచెక్క (రాజమండ్రి)

స్లేట్ పైకి లేచినప్పుడే ఫ్రేమ్ చూసుకోవాలి, మళ్లీ ఆ అవకాశం దొరకదు. అడ్డ దూలాలను స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. మెత్తగా దిగితే చెదలో, నెమ్మో. మన కోస్తా గదుల్లో కాళ్ల అడుగు భాగం, గోడవైపు దూలం ముందు పోతాయి. పార్టికల్ బోర్డు ఫ్రేమయితే ఉబ్బిన చోట రిపేరు అనుకోకండి, టేకు దూలం కొలిచి మార్చండి.

రైళ్లలో బోల్టు పట్టే నట్టు చెక్కలోంచి ఊగుతుంటే ఎంత బిగించినా వారానికి వదులవుతుంది. దాన్ని పీకి, బెజ్జం శుభ్రం చేసి, ఎపాక్సీతో మళ్లీ కూర్చోబెట్టాలి. ఇంకో సంగతి. చాలా అమెరికన్ టేబుళ్ల బోల్టు 3/8 అంగుళం, అంగుళానికి 16 మర చుట్లు. హార్డ్‌వేర్ షాపులో దగ్గరగా ఉందని 10 ఎంఎం బోల్టు ఇస్తారు. బలవంతంగా ఎక్కిస్తే నట్టు మరలు కొట్టుకుపోతాయి. పాత బోల్టు జేబులో వేసుకెళ్లండి.

అతుకులకు ఏం నింపుతారు? నా మాట మోటారు బాడీ పుట్టీ. రసమట్టం గారు మైనం అంటారని తెలుసు. కాకినాడ మే నెలలో ఏసీ లేని మధ్యాహ్నం మైనం మెత్తబడుతుంది, చాక్ పొడి అందులో కూరుకుంటుంది.

రసమట్టం

అనబోయేది అదే, తేనెమైనం. అది కరగడానికి 62 డిగ్రీలు దాటాలి. మెత్తబడటం నిజమే గానీ అతుకులో ఉండేది వెంట్రుకవాసి పొర, రెండువైపులా రాయి పట్టుకుని ఉంటుంది, ఎక్కడికి పోతుంది? పుట్టీ రాయిలా గట్టిపడుతుంది. నేల కాస్త కుంగితే అతుకు మీద పగిలి పెచ్చులుగా లేస్తుంది, క్లాత్ కింద ఇసుక రేణువులా పొడుచుకొస్తుంది. మైనమైతే క్లాత్ మార్చినప్పుడు గీకి మళ్లీ పోసుకోవచ్చు.

పద్ధతి: బ్లో టార్చ్‌ను అతుకు వెంట ఆడిస్తూ చెయ్యి తట్టుకునేంత వెచ్చదనం తేవాలి. మంట ఒకచోట ఆపితే స్లేట్ పొర లేస్తుంది. మైనం కడ్డీ కరిగించి అతుకు కాస్త పొంగేలా పోసి, పావుగంట చల్లారనిచ్చి, పదునైన వెడల్పు బిళ్లతో అతుకుకు ఏటవాలుగా గీకండి. నిలువుగా గీకితే మైనం లోపలి నుంచి ఊడొస్తుంది. మర తలల గుంటలు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో పూడ్చండి, రేపు మర తిప్పాలంటే తేలిగ్గా తవ్వుకోవచ్చు.

టేకుచెక్క

పుట్టీ పగిలేది ఎక్కువగా హార్డెనర్ మోతాదు తప్పినప్పుడు. వంద గ్రాములకు రెండు గ్రాములు. త్వరగా గట్టిపడాలని ఐదు కలుపుతారు, పెళుసవుతుంది. సరే, ఏసీ రోజంతా ఉంటే మైనం, లేకపోతే పుట్టీ. అంతకు మించి నేను దిగను.

నోస్‌లైన్

మధ్యేమార్గం ఒకటుంది. మట్టం కుదిరాక అతుకులో పల్చటి ఫెవిక్విక్ లాంటి జిగురు దించి రెండు స్లేట్లనూ ఒకటి చేసేస్తారు. అప్పుడు ముక్కలు వేరుగా కదలవు, పైన మైనమైనా పుట్టీ అయినా నిలుస్తుంది. విప్పేటప్పుడు చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి, లేకపోతే అంచు పెచ్చు లేస్తుంది.

ఓరుగల్లు147

అన్నా, మా దిక్కు చవక టేబుళ్లల్ల స్లేట్ ఉండదు, మార్బులే ఉంటది. దానికి గూడ ఇదే పద్ధతి నడుస్తదా? ఇంకోటి, మార్కాపురం పలకల ఊరు మనదే గదా, ఆ రాయి తెచ్చి వేస్తే ఎట్లుంటది?

రసమట్టం

మార్బుల్‌కు మట్టం పద్ధతి అదే. తేడాలు రెండు. ఫ్రేమ్ దూలాల మధ్య ఖాళీ ఎక్కువుంటే మార్బుల్ ఏళ్లు గడిచేకొద్దీ సొంత బరువుకే వంగి, వంగినట్టే ఉండిపోతుంది. అందుకని నడుమ ఇంకో దూలం కలపాలి. పాలిష్ చేసిన రాయికి మైనం, జిగురు సరిగ్గా అంటవు. అతుకు అంచుల్ని 120 నంబరు ఎమరీతో గరుకు చేయాలి.

మార్కాపురం రాయికి పేరొచ్చింది బడిపిల్లల పలకలతో. పొరలుగా సన్నగా చీలడమే దాని గుణం. టేబుల్‌కు కావాల్సింది అంగుళం మందం, నాలుగున్నర అడుగులు దాటిన బిళ్ల, పైగా మూడింటినీ ఒకే మిషన్ మీద చదును చేసి జతకట్టాలి. రాయి దొరికినా ఆ చదును చేసే మిషన్ లేకుండా లాభం లేదు. 1826లో లండన్‌లో జాన్ థర్స్‌టన్ చెక్క పరుపు తీసేసి పలక రాయి వేసింది కూడా చెక్క వంగుతుందనే. చదును లేని రాయి వేస్తే మళ్లీ చెక్క దగ్గరికే వచ్చినట్టు.

నోస్‌లైన్

రబ్బరు మార్పిడి. ముందు పాత రబ్బరు ఆకారం చూసి అదే అడగండి. కె-66, కె-55 అని రెండు రకాలు ఎక్కువ. పైకి ఒకేలా ఉంటాయి, కానీ ముక్కు ఎత్తు వేరు, వాటిని అంటించే చెక్క కోణం వేరు. కె-55కు కోసిన రైలుకు కె-66 అంటిస్తే 36.3 ఎప్పటికీ రాదు. రైలు అడ్డంగా కనిపించే కొస ఫొటో తీసి అమ్మేవాళ్లకు పంపడం మేలు.

పాత రబ్బరును కత్తితో జిగురు గీత వెంట కోసి లాగండి. చెక్క మీద మిగిలిన జిగురును చెక్క దిమ్మెకు చుట్టిన ఎమరీతో తీయాలి. చేత్తో రుద్దితే అంచులు గుండ్రమై రబ్బరు వాలుతుంది. రబ్బరుకూ చెక్కకూ రెండింటికీ కాంటాక్ట్ జిగురు (ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 రకం) పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అతకాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు రబ్బరును సాగదీస్తూ అంటించడం. సాగిన రబ్బరు కొన్నాళ్లకు వెనక్కి ముడుచుకుని పాకెట్ దగ్గర ఊడుతుంది. పొడిచాక్ గారి జానెడు చావుకు మూలం అదే అయ్యుండొచ్చు. సాగదీయకుండా, ఒక కొస నుంచి అదుముకుంటూ, రెండు కొసలా అంగుళం ఎక్కువ వదిలేసి వెళ్లండి. 24 గంటలాగి పాకెట్ కోణంలో కోయాలి. మూల పాకెట్‌కు 142 డిగ్రీలు, నడి పాకెట్‌కు 104. కొసలకు గట్టి రబ్బరు ఫేసింగ్ (పాకెట్ నోటి పక్కన అతికే పట్టీ), పావు అంగుళం దాటకుండా. నోరు మూల పాకెట్‌కు నాలుగున్నర అంగుళాలు, నడి పాకెట్‌కు ఐదు అంగుళాలకు తగ్గకూడదు, రెండింటికీ పైకి అంగుళంలో ఎనిమిదో వంతు వరకే.

నీలిబట్ట (విశాఖ)

ఇప్పుడు క్లాత్. పూల్‌కు నూగు లేని వర్‌స్టెడ్ (నున్నగా నేసిన ఉన్ని బట్ట) తీసుకోండి. సిమోనిస్ 860లో 90 శాతం ఉన్ని, 10 శాతం నైలాన్. 760లో 70, 30, అది ఇంకా వేగం. క్లబ్బుకు 860 చాలు, ఎక్కువ కాలం మన్నుతుంది. పరుపు ముక్క (స్లేట్ మీద పరిచేది) 2.9 మీటర్లు, 1.6 మీటర్లు ఉంటే తొమ్మిదడుగుల స్లేట్‌కు చుట్టూ రెండు మూడంగుళాలు వేలాడుతుంది. రైళ్ల పట్టీలు వేరుగా ఉన్న సెట్టే కొనండి.

గదిని ముందు రోజు నుంచే ఏసీలో ఆరబెట్టండి. తేమ పట్టిన ఉన్ని వదులవుతుంది, బంతి నెమ్మదిస్తుంది. స్లేట్‌ను పొడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. ఒక్క మైనం పలుకు మిగిలినా బంతి దాని మీద తుళ్లుతుంది. పొట్టి చివర ఒకదాన్ని పూర్తిగా స్టేపుల్ చేసి, ఎదుటి చివర ఇద్దరు రెండు మూలలు పట్టి సమానంగా లాగాలి. పొడుగు వైపులు నడిమి పాకెట్ నుంచి మొదలుపెట్టి మూలలకు పోవాలి. స్టేపుల్ అంగుళానికొకటి. స్లేట్ కింద చెక్క లేకపోతే స్లేట్ పక్క అంచుకూ క్లాత్‌కూ స్ప్రే జిగురు కొట్టి రెండు నిమిషాలాగి అతకాలి. అరచేయి ఆనించి తోస్తే క్లాత్ ముడత లేవకూడదు.

రైలు క్లాత్‌ను తిరగేసి గాడి మీద పరిచి, సన్న చెక్కబద్దను కొయ్య దిమ్మెతో గాడిలోకి దించాలి. సుత్తితో నేరుగా కొడితే బద్ద చీలుతుంది. తర్వాత ముక్కు మీదుగా కిందికి లాగి స్టేపుల్. రైలు క్లాత్ మరీ లాగితే రబ్బరు ముక్కు నలిగి కొత్త కుషన్ కూడా మొద్దుబారుతుంది. పరుపు మీద చూపే బలంలో సగం చాలు.

పొడిచాక్

అందరికీ కృతజ్ఞతలు. వరస రాసుకున్నాను. మెయింటెనెన్స్‌కు ఏం పాటించాలి? మా దగ్గర చేతికి టాల్కం పౌడర్ వాడతారు.

నీలిబట్ట

పౌడర్ ఆపించండి, గ్లవ్ పెట్టండి. పౌడర్ చాక్‌తో కలిసి పోగుల్లో పేరుకుంటుంది, చెమట తగిలితే అంటుకుపోతుంది. ఆట ముగిశాక మెత్తటి బ్రష్‌తో ఒకే దిక్కున తుడవడం, వారానికోసారి తిరిగే బ్రష్ లేని వాక్యూమ్, తర్వాత నీళ్లు బాగా పిండిన మైక్రోఫైబర్. బంతులు వారానికోసారి గోరువెచ్చటి సబ్బు నీటిలో కడిగి ఆరబెట్టండి. మురికి బంతులు రెండూ తగిలినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని గురి తప్పిస్తాయి. క్లాత్‌ను మురికి చేసేదీ అవే. బ్రేక్ కొట్టేటప్పుడు క్యూ బంతి కింద పాత క్లాత్ ముక్క పెడితే తెల్ల చుక్కలు తగ్గుతాయి.

ఓరుగల్లు147

స్నూకర్ టేబుల్ ఉన్నోళ్లు ఈ తడి మైక్రోఫైబర్ కథ పెట్టుకోవద్దు. ఆ క్లాత్‌కు నూగు ఉంటది. బాక్ (ఆట మొదలుపెట్టే చివర) నుంచి నల్లబంతి దిక్కే బ్రష్ కొట్టాలె, ఎనక్కి కొట్టొద్దు. ఇస్త్రీ గూడ అదే దిక్కు. వర్‌స్టెడ్‌కు ఇస్త్రీ అక్కర్లే.

రసమట్టం

పొడిచాక్ గారూ, ఒక్కటి మరిచాను. పని అయ్యాక నెల రోజులకు మళ్లీ లెవెల్ పెట్టండి. కొత్త చీలికలు బరువుకు నలుగుతాయి. అతుకుల దగ్గరా, నాలుగు మూలల్లోనూ చూడండి. తేడా వస్తే కాళ్ల దగ్గరే సర్దండి, స్లేట్ కింద వేలు పెట్టొద్దు. బోల్టులు 18 కూడా అప్పుడే ఒకసారి.

పొడిచాక్

అద్దె లెవెల్ శనివారానికి దొరికింది. రబ్బరు కె-66 అని తేలింది. కొస ఫొటో పెడుతున్నాను, నోస్‌లైన్ గారు కోణం చూసి చెప్పగలరా?

నోస్‌లైన్

కె-66దే. చెక్క కింద మూల కాస్త అరిగింది, ఆ భాగం ఎమరీతో కాదు, ఎపాక్సీ నింపి చదును చేశాకే జిగురు పూయండి.